విడుదల తరువాతి జీవితం: కల్ట్ హాస్యచిత్రాలు, సిఫారసు, చాటు సంప్రదాయం

ప్రవేశిక

తెలుగు సినిమా చరిత్రను విడుదల తేదీలతోనూ, ఆడిన రోజులతోనూ లెక్కగట్టడం మనకు అలవాటు. యాభై రోజులు, వంద రోజులు, రజతోత్సవం అనే కొలమానాలు పత్రికా ప్రకటనల నుంచి మెల్లగా చరిత్ర రచనలోకి కూడా ప్రవేశించాయి. ఈ కొలమానాలు థియేటరులో జరిగినదాన్ని మాత్రమే చెప్పగలవు. థియేటరు నుంచి దిగిపోయిన తరువాత అసలు జీవితం మొదలుపెట్టిన చిత్రాలను అవి పట్టుకోలేవు. అటువంటి చిత్రాలలో హాస్యచిత్రాల వాటా పెద్దది. విడుదలనాడు ప్రేక్షకుణ్ణి తికమకపెట్టి, కొన్నేళ్ళకు ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి మాటల్లో సామెతలంతటి చలామణి సంపాదించిన ఈ చిత్రాలను నేడు ‘కల్ట్’ చిత్రాలంటున్నాము.

ఈ చిత్రాలను నిలబెట్టినది ప్రకటన కాదు, విమర్శ కాదు, సిఫారసు. ‘ఇది చూడు, మొదటి పావుగంట ఓపిక పట్టు’ అని ఒక ప్రేక్షకుడు మరొకరికి చెప్పడమే వీటి ప్రచారం. ఆ సిఫారసు చేసిన పని నిజానికి వ్యాఖ్యానం చేసే పని అనీ, అది తునకల పంపిణీగా కుదించుకుపోయినప్పుడు చిత్రానికి నష్టం జరుగుతుందనీ కొన్ని చిత్రాల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కల్ట్ అనే మాట, చాటువు అనే రూపం

ఈ అర్థంలో ‘కల్ట్’ అనే మాట స్థిరపడటానికి ‘ద రాకీ హారర్ పిక్చర్ షో’ ప్రధాన కారణాలలో ఒకటి. 1975లో విడుదలై ఆదరణకు నోచుకోని ఈ సంగీతహాస్య చిత్రం, 1976 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటరులో అర్ధరాత్రి ఆటలుగా మొదలై మళ్ళీ పుట్టింది. వచ్చినవారే మళ్ళీ వచ్చారు. పాత్రల వేషాలు వేసుకొని వచ్చి, తెరమీది మాటలకు ఎదురు మాటలు కలిపారు. పెళ్ళి దృశ్యంలో బియ్యం చల్లారు. ప్రేక్షకుడు చూసేవాడిగా ఉండక ఆటలో పాలుపంచుకున్నాడు.

ఇటాలియన్ పండితుడు ఉంబెర్టో ఎకో 1980లలో ‘కాసాబ్లాంకా’ చిత్రం గురించి రాస్తూ కల్ట్ చిత్రానికి ఒక లక్షణం చెప్పాడు. దాన్ని ముక్కలుగా విడదీయడానికి వీలుండాలి. మొత్తంతో ఉన్న సంబంధం తెగినా ముక్క గుర్తుండాలి. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ మాట కొత్తగా తోచదు. చాటుపద్యం సరిగ్గా ఇటువంటిదే. సందర్భాన్ని బట్టి నోటికి వచ్చే పద్యం, కర్త ఎవరో తేలకపోయినా శ్రీనాథుడికో తెనాలి రామకృష్ణుడికో అంటగట్టబడే పద్యం, రాతకంటె నోటిమీదనే ఎక్కువ కాలం బతికిన పద్యం. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చకపోయి ఉంటే ఇందులో చాలా భాగం అందకుండా పోయేది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో వెలువరించిన చాటుపద్య గ్రంథంలో, ఈ పద్యాలు విడివిడి చమత్కారాలు కావనీ, వాటిని చెప్పుకొనే వారి మధ్య ఒక రసిక సమాజాన్ని ఏర్పరిచాయనీ ప్రతిపాదించారు. ఒక పద్యం చదివితే గుర్తుపట్టి నవ్వినవాడు మనవాడు. కల్ట్ చిత్రంలోని మాట కూడా నేడు ఇదే పని చేస్తున్నది.

ఈ పోలిక ఒక హద్దు వరకే నడుస్తుంది. చాటువు తనంతట తాను పూర్తయిన రచన. సినిమాలోని తునక అలా కాదు. అది ఒక కట్టడంలో నుంచి ఊడదీసిన ఇటుక. ఈ భేదం హాస్యచిత్రాల విషయంలో మరింత ముఖ్యం.

వికృతి ఎక్కడ ఉన్నది?

భరతుడు హాస్యానికి వికృతమైన ఆకారం, వేషం, వాక్కు, చేష్ట మొదలైనవాటిని కారణాలుగా చెప్పాడు. స్మితం నుంచి అతిహసితం వరకు ఆరు భేదాలు చూపాడు. మన సినిమాలలోని సాధారణ హాస్యం ఈ చట్రంలో సులువుగా ఇముడుతుంది. కథాలోకం సక్రమంగానే ఉంటుంది. అందులో ఒక పాత్ర మాత్రం వికృతంగా మాట్లాడుతుంది, నడుస్తుంది, తప్పు చేస్తుంది. నాయకుడు కథ నడుపుతుంటే హాస్యగాడు పక్కన నవ్విస్తాడు. ఎక్కడ నవ్వాలో ప్రేక్షకుడికి ముందే తెలుసు.

కల్ట్ హాస్యచిత్రంలో ఈ అమరిక తలకిందులవుతుంది. పాత్ర కాదు, లోకమే వికృతం. శవం రంగస్థలం ఎక్కుతుంది. నిజం చెప్పడం నేరంగా పరిణమిస్తుంది. అపహరించిన భార్యను విడిపించుకోవడం ఇష్టంలేని భర్త ఉంటాడు. ఆ లోకపు నియమాలేమిటో చిత్రం నడుస్తూనే నేర్పుతుంది. నేర్చుకొనేసరికి సగం సినిమా గడిచిపోతుంది. అందువల్లనే ఇటువంటి చిత్రాలు మొదటి ఆటలో తడబడి రెండోసారి చూసినప్పుడు విచ్చుకుంటాయి. సిఫారసు చేసే మనిషి అవసరం ఇక్కడ ఏర్పడుతుంది. అతడు ఆ నియమాన్ని ముందే అందిస్తాడు. కఠిన కావ్యానికి వ్యాఖ్యాత రాసే పీఠిక లాంటిదది.

శవం ఎక్కిన రంగస్థలం

భారతీయ కల్ట్ హాస్యానికి అందరూ మొదట చెప్పే ఉదాహరణ ‘జానే భీ దో యారో’. 1983లో కుందన్ షా దర్శకత్వంలో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ సుమారు 7 లక్షల రూపాయలతో నిర్మించిన చిత్రమిది. పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో తనతో చదివిన మిత్రులు హైదరాబాదులో ఫొటో స్టూడియో పెట్టి పడ్డ పాట్లు ఈ కథకు బీజమని దర్శకుడు చెప్పాడు. చిత్రంలో ఆ స్టూడియో బొంబాయికి మారింది. బతుకుతెరువు కోసం స్టూడియో తెరిచిన ఇద్దరు యువకులు తీసిన ఛాయాచిత్రంలో ఒక హత్య బయటపడుతుంది. చంపినవాడు భవన నిర్మాణ వ్యాపారి తర్నేజా, చచ్చినవాడు మునిసిపల్ కమిషనర్ డిమెల్లో. ఆంతోనియోని ‘బ్లో అప్’ (1966)ను తలపించే ఈ కీలకాన్ని దాచిపెట్టకుండా, ఆ ఘటన జరిగిన తోటకు ఆంతోనియోని పేరే పెట్టడం చిత్రబృందం చేసిన చిలిపి పని.

చివరి ఘట్టంలో డిమెల్లో శవం ద్రౌపది చీర కట్టుకొని మహాభారత నాటకంలోకి చేరుతుంది. శవం కోసం వెంటపడుతున్నవారంతా వేషాలు తగిలించుకొని రంగం మీదికి ఎక్కుతారు. ఏమి జరుగుతున్నదో తెలియని ధృతరాష్ట్రుడు మాటిమాటికీ అదే అడుగుతుంటాడు. కొంతసేపటికి కౌరవసభలోకి సలీం అనార్కలీల కథ కూడా చొరబడుతుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను ఊరి పందిళ్ళలో చూసిన తెలుగు ప్రేక్షకుడికి ఈ దృశ్యం పరాయిది కాదు. పద్యనాటకంలో పాత్రధారి మాట తప్పితే సభ నవ్వేది. కథ అందరికీ తెలుసు గనుకనే ఆ నవ్వు సాధ్యం. ఇక్కడ కథే దారి తప్పింది.

ఈ దృశ్యం విడి తునకగా ఎంతో ప్రచారం పొందింది. దాన్ని మాత్రమే చూసినవారు ఈ చిత్రాన్ని తేలిక ప్రహసనంగా భావించే అవకాశమున్నది. నిజానికి ఆ నాటకం తరువాత వచ్చే ముగింపు భారతీయ సినిమాలోని చేదైన ముగింపులలో ఒకటి. దోషులంతా చేతులు కలుపుతారు, నిజం బయటపెట్టిన ఇద్దరూ జైలుపాలవుతారు. ఖైదీ దుస్తుల్లో వీధిలో నడుస్తూ, ప్రేక్షకుడివైపు తిరిగి గొంతు కోసినట్లు సైగ చేస్తారు. వెనుక ఆశను ప్రకటించే ప్రసిద్ధ సమూహగీతం వినిపిస్తుంటుంది. అంతకుముందు నవ్విన నవ్వంతా ఆ క్షణాన ప్రేక్షకుడి గొంతులో అడ్డుపడుతుంది. తునకలో ఇది లేదు. నసీరుద్దీన్ షా, రవి బాస్వాని, ఓం పురి, పంకజ్ కపూర్, సతీష్ షాల నటనతో ఈ చిత్రం దూరదర్శన్ ప్రసారాల వల్ల, వీడియో క్యాసెట్ల వల్ల తరువాతి తరానికి చేరింది. 2012లో పునరుద్ధరించిన ప్రతితో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. దూరదర్శన్ చిత్రాన్ని ఆద్యంతం చూపిందన్న విషయం గమనార్హం. ఆ రోజుల సిఫారసు మొత్తం చిత్రానికి చేసిన సిఫారసు.

హరిశ్చంద్రుడి తిరగేసిన కథ

తెలుగులో ఇటువంటి చర్చకు మొదట తీసుకోవలసినది వంశీ దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఏప్రిల్ 1 విడుదల’. ఎం.ఐ. కిషన్ నవల ‘హరిశ్చంద్రుడు అబద్ధమాడితే’ దీనికి ఆధారం. కథకుడిగా ‘మా పసలపూడి కథలు’ రాసిన వంశీకి గోదావరి ప్రాంతపు మనుషుల మాటతీరు మీద ఉన్న పట్టు చిత్రమంతటా కనిపిస్తుంది. రాజమండ్రి నేపథ్యంలో అబద్ధాలతో నెట్టుకొచ్చే దివాకరం (రాజేంద్రప్రసాద్), భువనేశ్వరి (శోభన) మనసు గెలవడానికి ఏప్రిల్ 1 వరకు నిజమే చెబుతానని మాట ఇస్తాడు.

ఇందులోని వైకృతం చాలా లోతైనది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయము’ తెలుగు నాటకరంగంలో సత్యవ్రతానికి ప్రతీక. అక్కడ సత్యం పలికినవాడు రాజ్యాన్ని, ఆలుబిడ్డలను పోగొట్టుకుంటాడు, లోకం చెక్కుచెదరదు. ఇక్కడ సత్యం పలికినవాడి చుట్టూ ఉన్న లోకం కూలుతుంది. ఇరుగుపొరుగు సంసారాలన్నీ చిన్నచిన్న అబద్ధాల దూలాల మీద నిలబడ్డాయని ఒక్కొక్కటిగా బయటపడుతుంది. నీతికథగా మొదలయ్యే చిత్రం నీతిని ప్రశ్నిస్తుంది. ప్రపంచం మూర్ఖుల దినంగా జరుపుకొనే రోజునే సత్యవ్రతానికి గడువుగా పెట్టడంలోని ఎత్తిపొడుపు కూడా మొదటిసారి చూసినప్పుడు పూర్తిగా అందదు.

ఈ చిత్రంలో విడిగా చెప్పుకోదగిన హాస్యోక్తులు ఉన్నాయి గాని, దాని అసలు బలం వరుసలో ఉంది. మొదటి అర్ధభాగంలో పరిచయమైన ప్రతి పాత్ర దాచుకున్న రహస్యం రెండవ అర్ధభాగంలో ఒక నిజానికి బలవుతుంది. ముందు దాచినది చూడనివాడికి తరువాత బయటపడినది నవ్వు పుట్టించదు. కనుక దీన్ని సిఫారసు చేసేవారు ‘మొదటి నుంచి చూడు’ అనే షరతు పెట్టక తప్పదు. విడుదల కాలంలో కంటె తరువాతి సంవత్సరాలలో టెలివిజన్‌లో చూసి ఇష్టపడినవారే దీనికి ఎక్కువ కావడంలో ఆశ్చర్యం లేదు.

చాటువుగా మారిన పాత్రలు

రాంగోపాల్ వర్మ నిర్మాతగా, శివనాగేశ్వరరావు దర్శకత్వంలో 1993లో వచ్చిన ‘మనీ’ మరొక రకం ఉదాహరణ. డబ్బులేని ఇద్దరు యువకులు ధనవంతుడి భార్యను అపహరిస్తారు. ఆమె తిరిగి రావడం భర్తకే ఇష్టం లేదు. అమెరికన్ చిత్రం ‘రూత్‌లెస్ పీపుల్’ (1986) కథాసూత్రమే అయినా, నిరుద్యోగపు చిరాకు, అద్దె ఇంటి ఇబ్బందులు, హైదరాబాదు పేటల వాతావరణం దాన్ని ఇక్కడి కథగా మార్చాయి. ఇందులో బ్రహ్మానందం ధరించిన ఖాన్‌దాదా పాత్ర చిత్రాన్ని దాటి పెరిగింది. వర్మ స్వయంగా దర్శకత్వం వహించిన ‘అనగనగా ఒక రోజు’ (1997)లోనూ ఇదే జరిగింది. ఇల్లు విడిచిన ప్రేమజంట ఒక హత్యకేసులో చిక్కుకొని పరుగెత్తే కథ అది. నేడు ‘నెల్లూరు పెద్దారెడ్డి’ అనే పేరు విని నవ్వేవారిలో ఆ కథ తెలిసినవారు ఎందరన్నది ఆలోచించవలసిన విషయం.

చాటు సంప్రదాయపు లక్షణాలన్నీ ఇక్కడ కనిపిస్తాయి. సందర్భం మారుతుంది, మూలం మరుగవుతుంది, కర్తృత్వం పేరున్నవాడి ఖాతాలోకి చేరుతుంది. శ్రీనాథుడు చెప్పని పద్యం శ్రీనాథుడిదైనట్లే, సంభాషణా రచయిత రాసిన మాట నటుడిదవుతుంది. స్తబ్ధచిత్రాల మీద నాలుగు మాటలు రాసి పంచుకొనే నేటి మీమ్ సంస్కృతిలో బ్రహ్మానందం ముఖం ఒక అక్షరమాలగా మారింది. ఇది ఆ నటుడి ప్రతిభకు గొప్ప గౌరవమే. అయితే ‘మనీ’లోని మూలహాస్యం ఖాన్‌దాదాలో లేదు. భార్య ప్రాణానికి భర్త కట్టే వెల ఎంత అనే క్రూరమైన ప్రశ్నలో ఉంది. జయసుధ, పరేష్ రావల్ పాత్రల మధ్య నడిచే ఆ ప్రశ్నను తునకలు మోయలేకపోయాయి.

భాషే కట్టడమైన చోట

కుంట నిఖిల్ దర్శకత్వంలో 2005లో వచ్చిన ‘ది అంగ్రేజ్’ దక్కనీ భాషా చిత్రం. చార్మినారు దగ్గర కాలక్షేపం చేసే ఇస్మాయిల్ భాయ్ బృందానికీ, అమెరికా నుంచి వచ్చి హైటెక్ నగరంలో కొలువు చేసే యువకులకూ మధ్య ఒక చిన్న తగాదా పెరిగి పెద్దదవుతుంది. వచ్చినవారిని పాతబస్తీవారు ‘అంగ్రేజ్’ అంటారు. ఒకే ఊరిలో రెండు కాలాలు ఎదురుపడ్డ సందర్భమది. థియేటర్ల తరువాత సీడీల ద్వారా, అంతర్జాలం ద్వారా ఇది విదేశాలలోని హైదరాబాదీల ఇళ్ళకు కూడా చేరింది.

తెలుగు శాఖలు ఈ చిత్రాన్ని పట్టించుకోవడానికి భాషాశాస్త్ర కారణం ఒకటున్నది. దక్కనీలో ‘బోల్కే’ అనే అనుకారక ప్రయోగం, తెలుగులోని ‘అని’ చేసే పనే చేస్తుంది. ఇది ద్రావిడ వాక్యనిర్మాణ ప్రభావమని భాషావేత్తలు గుర్తించారు. అందువల్ల తెలుగు ప్రేక్షకుడికి ఆ సంభాషణల పదజాలం పరాయిదైనా వాక్యపు నడక సొంతదిగా వినిపిస్తుంది. సలీం ఫేకు కోతలు కోస్తున్నప్పుడు నవ్వు పుట్టించేది ఆ నడకే. ఇక్కడ తునకలకు నష్టం తక్కువ, ఎందుకంటే ఈ చిత్రపు లోకం కథలో కంటె భాషలో కట్టబడింది. ఒక్క వాక్యంలోనూ ఆ లోకం మొత్తంగా ఉంటుంది. తునకకు లొంగే హాస్యమూ, లొంగని హాస్యమూ వేరని దీనివల్ల స్పష్టమవుతున్నది.

పునర్విడుదల: తునకల నుంచి మొత్తానికి

తరుణ్ భాస్కర్ దర్శకత్వంలో 2018 జూన్ 29న విడుదలైన ‘ఈ నగరానికి ఏమైంది’ ఈ చరిత్రలో ఒక మలుపు. లఘుచిత్రాలు తీయాలన్న కలను వదిలేసిన నలుగురు మిత్రులు అనుకోకుండా గోవా చేరడం ఇందులోని కథ. సినిమాకు ముందు చూపించే పొగాకు వ్యతిరేక ప్రకటనలోని మాటే చిత్రం పేరయింది. ప్రతి ప్రేక్షకుడికీ కంఠస్థమైన, ఎవరూ కావాలని నేర్చుకోని వాక్యం అది. అప్పటికే చాటువైన మాట నుంచి ఒక చిత్రం పుట్టిందన్నమాట.

విడుదలనాడు ఓ మాదిరిగా ఆడిన ఈ చిత్రం తరువాత తునకలుగా యువతలో వ్యాపించింది. సరిగ్గా 5 సంవత్సరాలకు, 2023 జూన్ 29న పునర్విడుదలైనప్పుడు హాళ్ళు నిండాయి. ప్రేక్షకులు పాత్రలతోపాటే సంభాషణలు పలికారు. వేవర్లీ థియేటరులో 1976లో జరిగినదానికి ఇది తెలుగు రూపం. ఇక్కడ తునక మొత్తానికి శత్రువు కాలేదు. మొత్తం దగ్గరికి తీసుకొచ్చింది. తునక ప్రవేశద్వారంగా పనిచేసినంతవరకు దానివల్ల హాని లేదనీ, అదే గమ్యమైనప్పుడే హాని అనీ ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

సిఫారసు ధర్మం

పై పరిశీలన ఆధారంగా, కొత్తదారి హాస్యాన్ని చూడదలచిన సాహసిక ప్రేక్షకుడికి ఒక క్రమాన్ని సూచించవచ్చు. మొదట ‘మనీ’ చూడాలి. దాని కథనం పరిచితమైన అపహరణ కథ కనుక లోకపు వైకృతం సులువుగా పట్టుబడుతుంది. రెండవది ‘ఏప్రిల్ 1 విడుదల’; ఇందులో ఓపిక కావాలి, పాత్రలను గుర్తుంచుకోవాలి. మూడవది ‘ది అంగ్రేజ్’. ఇక్కడ కథ కోసం వెదకకుండా చెవి పెట్టాలి. చివరగా ‘జానే భీ దో యారో’ చూస్తే, హాస్యం ఎంత చేదును మోయగలదో తెలుస్తుంది.

సిఫారసు స్తుతి కాకూడదు. వంశీ ‘లేడీస్ టైలర్’ (1986) ఇందుకు మంచి పరీక్ష. కుడి తొడ మీద పుట్టుమచ్చ ఉన్న స్త్రీ దొరికితే అదృష్టం పడుతుందన్న జోస్యాన్ని నమ్మి సోమరి దర్జీ సుందరం చేసే వెదుకులాట, మూఢనమ్మకం మీద పదునైన వ్యంగ్యం. అయితే ఆ వెదుకులాటను అనుసరించే కెమెరా చూపు కొన్నిచోట్ల తాను వెక్కిరిస్తున్న చూపుతోనే కలిసిపోతుంది. ఈ రెండింటినీ కలిపి చెప్పినప్పుడే అది నిజాయితీ గల సిఫారసు అవుతుంది. వ్యాఖ్యాత కావ్యదోషాన్ని కూడా చూపుతాడు. అందువల్ల కావ్యం చిన్నబోదు.

ముగింపు

కల్ట్ హాస్యచిత్రాల చరిత్ర ప్రేక్షకుల నోళ్ళలో ఉంది. దాన్ని రాయడానికి వసూళ్ళ పట్టికలు చాలవు. ఏ తరం, ఏ సాధనం ద్వారా, ఏ మాటలతో ఒక చిత్రాన్ని మరొక తరానికి అందించిందో పరిశీలించాలి. దూరదర్శన్, వీడియో క్యాసెట్టు, సీడీ, అంతర్జాలం అనే సాధనాలలో ప్రతిదీ చిత్రంలో ఒక భాగాన్ని మోసింది, మరొక భాగాన్ని వదిలేసింది. దూరదర్శన్ మొత్తాన్ని మోసింది. నేటి తునకల ప్రవాహం వేగాన్ని ఇచ్చి క్రమాన్ని తీసుకున్నది.

ప్రభాకరశాస్త్రి ఊరూరా తిరిగే చాటువులను ఏరి గ్రంథస్థం చేసినప్పుడు, నోటి సంప్రదాయానికి పండిత గౌరవం దక్కింది. నేడు మన శాఖల ముందున్న పని దీనికి ఎదురు దిశలో ఉన్నది. ఈ చిత్రాలలోని తునకలు ఇప్పటికే చలామణిలో ఉన్నాయి, వాటిని సేకరించనక్కరలేదు. ప్రతి తునకకూ దాని కథను, సంభాషణా రచయితను, ముందూ వెనుకలను తిరిగి జతచేయడమే కావలసినది. సినిమా పాఠ్యాంశంగా ఉన్న తరగతిగదిలో ఒక్క చిత్రాన్నైనా మొదటి నుంచి చివరిదాకా చూపి చర్చిస్తే ఈ పని మొదలైనట్లే. ‘జానే భీ దో యారో’ నాటక దృశ్యానికి నవ్విన విద్యార్థి దాని ముగింపు వరకు కూర్చుంటే, తాను నవ్వినది దేనికన్న ప్రశ్న తనంతట తానే వేసుకుంటాడు.